ల్యాబా, పామేరియనా? బెజవాడ ఇంటికి ఏ కుక్క నప్పుతుందో తేల్చుకునే పద్ధతి

రెండు నెలల వయసులో ఏ కుక్కపిల్లయినా ముద్దుగానే ఉంటుంది. పిల్లని చూసి జాతిని ఎంచుకోవడం అంటే పందిరి వేసుకున్నాక సంబంధం వెతకడమే. ముందు ఇంటిని చూడాలి, ఇంట్లో మనుషుల్ని చూడాలి, ఆ తర్వాతే కుక్క. విజయవాడ, గుంటూరుల్లో చాలా కుటుంబాలు ఊగిసలాడేది ల్యాబ్రడార్, పామేరియన్‌ల మధ్యే కాబట్టి ఆ రెంటినే తీసుకుందాం. కింద చెప్పిన పనులు వరసగా చేయండి. పది రోజులు పడుతుంది. కుక్కపిల్లల్ని చూడటానికి వెళ్లేది ఏడో పనిలో. అప్పటిదాకా ఎవరు రమ్మన్నా వెళ్లకండి, ముఖ్యంగా ఇంట్లో చిన్నవాళ్లని వెంటబెట్టుకుని అసలు వెళ్లకండి. వెళ్తే ఒట్టి చేతులతో తిరిగి రారు.

1. పేరు వెనక ఉన్న కుక్క ఏదో తెలుసుకోండి

మన వీధుల్లో పామేరియన్ అని పిలిచే తెల్ల బొచ్చుకుక్క చాలావరకు పామేరియన్ కాదు, ఇండియన్ స్పిట్జ్. అసలు పామేరియన్ బరువు రెండు నుంచి మూడున్నర కిలోలు, ఎత్తు సుమారు జానెడు. మన స్పిట్జ్‌లో చిన్న రకం 5 నుంచి 7 కిలోలు తూగుతుంది, పెద్ద రకం 12 నుంచి 20 కిలోల దాకా పోతుంది. మూతి పొడవుగా, నక్క మూతిలా ఉంటుంది. అసలు పామేరియన్ మూతి పొట్టిగా, ముఖం గుండ్రంగా ఉంటుంది.

ఇది తెలిస్తే రెండు మోసాలు తప్పుతాయి. ఒకటి, స్పిట్జ్ పిల్లని చూపించి 'టాయ్ పామ్', 'టీకప్ పామ్' అని మూడు నాలుగింతల ధర చెప్పడం. టీకప్ అనే జాతి ఎక్కడా లేదు. ఈనినదాంట్లో అన్నిటికంటే బక్కపిల్లకో, నెల కూడా సరిగ్గా నిండని పిల్లకో పెట్టే పేరది. రెండోది, చిన్న రకం అని చెప్పి పెద్ద రకం పిల్లని అంటగట్టడం. రెండు నెలల పిల్లలో తేడా పట్టుకోవడం కష్టం, అందుకే తల్లిని చూడమని తర్వాత చెప్తాం. ఇంతా చెప్పాక ఒక మాట: మన ఊరి ఇంటికి అసలు పామేరియన్ కంటే స్పిట్జే మేలు. తరతరాలుగా ఈ దేశంలో పుట్టి పెరిగింది, ఎముక గట్టిది, తిండికి పేచీ తక్కువ. ఇక్కణ్ణించి పామేరియన్ అన్నా స్పిట్జ్ అన్నా ఈ 5-7 కిలోల కుక్కే అనుకోండి.

ల్యాబ్రడార్ కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్ల దగ్గర పెరిగిన కుక్కల సంతతి. తర్వాత ఇంగ్లండులో వేటగాళ్లు కొట్టిన పిట్టని నీళ్లలోంచి పళ్లగాటు పడకుండా తెచ్చి ఇవ్వడానికి పెంచారు. కుక్కల జాతులని నమోదు చేసే అక్కడి కెన్నెల్ క్లబ్ 1903లో జాతిగా గుర్తించింది. ఈ చరిత్ర ఎందుకంటే, ఇంట్లో మీరు పడబోయే పాట్లన్నీ దీంట్లోనే ఉన్నాయి. రోజంతా పనిచేయడానికి పుట్టింది, కాబట్టి పని లేకపోతే ఇల్లు పీకుతుంది. నోటితో మోయడానికి పుట్టింది, కాబట్టి చెప్పులు, రిమోట్లు, సాక్సులు దాని నోట్లోనే ఉంటాయి. చల్లటి నీళ్ల కోసం పుట్టింది, కాబట్టి ఒంటి మీద రెండు పొరల మందపాటి బొచ్చు ఉంటుంది. పెరిగిన ల్యాబ్ 25 నుంచి 36 కిలోలు తూగుతుంది, పది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. స్పిట్జ్ పన్నెండు నుంచి పదిహేనేళ్లు. కుక్కపిల్లని అడుగుతున్న మీ అబ్బాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి అయితే, అది ముసలిదయ్యేనాటికి వాడు ఏ బెంగళూరులోనో ఉద్యోగంలో ఉంటాడు. కుక్క మీ దగ్గరే ఉంటుంది.

2. పొద్దున అయిదున్నరకి తాడు ఎవరి చేతిలో ఉంటుందో రాసుకోండి

కాగితం తీసుకుని వారంలో ఏడు రోజులూ రాయండి. ఒక్కో రోజుకి ఎదురుగా ఒక్కో పేరు, పొద్దునకొకటి, రాత్రికొకటి. 'అందరం చూసుకుంటాం' అని రాయకూడదు. అందరిదీ అయిన కుక్క చివరికి అమ్మది అవుతుంది.

పెరిగిన ల్యాబ్‌కి రోజూ కనీసం గంట, రెండు విడతలుగా నడక కావాలి. దానికి తోడు బంతి విసరడం లాంటి ఆట ఓ పావుగంట. స్పిట్జ్‌కి రెండు విడతల్లో అరగంట చాలు. మిగతాది ఇంట్లో పరుగెత్తి తీర్చుకుంటుంది.

పేర్లు రాశాక అసలు పరీక్ష పెట్టుకోండి. కుక్క లేకుండానే వరసగా పది రోజులు పొద్దున అయిదున్నరకి లేచి నలభై నిమిషాలు నడిచి రండి. వాన పడినా, రాత్రి పెళ్లికి వెళ్లి ఆలస్యంగా పడుకున్నా సరే. పదికి తొమ్మిది రోజులు వెళ్లగలిగితే ల్యాబ్ సంగతి ఆలోచించవచ్చు. అయిదు రోజులకే ఆగిపోతే ల్యాబ్ వద్దు. ఈ పరీక్షకి ఖర్చు లేదు, కానీ ఇది చేసినవాళ్లలో సగంమందైనా మనసు మార్చుకుంటారని మా అంచనా.

ఇక ఇంట్లో మనుషులు. అయిదేళ్లలోపు పిల్లలుంటే జాగ్రత్త రెండు జాతుల విషయంలోనూ వేరువేరుగా ఉంటుంది. ల్యాబ్‌ది మంచి స్వభావం, పిల్లలు చెవి లాగినా ఓర్చుకునేది ఎక్కువ. కానీ ఎనిమిది నెలలకే పాతిక కిలోలవుతుంది, బుద్ధి మాత్రం రెండేళ్లదాకా రాదు. ప్రేమతో ఎగిరి మీద పడితే మూడేళ్ల పిల్ల వెల్లకిలా పడుతుంది. స్పిట్జ్ తోసేయదు, కానీ ఓర్పు తక్కువ. బొచ్చు పట్టి లాగితే మొదట గుర్రుమంటుంది, రెండోసారి పంటితో చెప్తుంది. పైగా పిల్లలు ఎత్తుకుని జారవిడిస్తే దాని ముందుకాలు విరిగే ప్రమాదముంది. కింద కూర్చుని ఒళ్లో పెట్టుకోవడం తప్ప, నిలబడి ఎత్తుకోకూడదని పదేళ్లలోపు పిల్లలకి మొదటి రోజునుంచే నియమం పెట్టాలి.

తాతయ్య, నానమ్మ ఉన్న ఇల్లయితే మా ఓటు స్పిట్జ్‌కే. ల్యాబ్ తాడుని ఒక్కసారి గట్టిగా లాగితే డెబ్బై ఏళ్ల మనిషి నిలవలేరు, ఈ వయసులో తుంటి విరిగితే మామూలు సంగతి కాదు. స్పిట్జ్‌తోనూ ఒక చిక్కు ఉంది: కాళ్లకి అడ్డం పడుతూ తిరుగుతుంది. మెడకి చిన్న మువ్వ కడితే ఎక్కడుందో పెద్దవాళ్లకి తెలుస్తుంది. పనిచేయడానికి వచ్చే ఆవిడకి కుక్క అంటే భయమేమో కూడా ముందే అడగండి. కుక్క వచ్చాక ఆవిడ మానేస్తే ఇంట్లో రోజూ ఆ కుక్క మీదే గొడవ.

3. బియ్యం బస్తాతో మెట్లు ఎక్కి చూడండి

ఇంట్లోకి తెచ్చుకునే 26 కిలోల బియ్యం బస్తా ఉంటుంది కదా. దాన్ని రెండు చేతులతో గుండెలకి హత్తుకుని మీ అంతస్తు నుంచి కిందికి దిగి చూడండి. లిఫ్ట్ పనిచేయని రోజున కాలికి దెబ్బ తగిలిన ల్యాబ్‌ని అలాగే దింపాలి. బస్తా గింజుకోదు, కుక్క గింజుకుంటుంది. మూడో అంతస్తులో లిఫ్ట్ లేని ఇంట్లో ల్యాబ్‌కి ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే అవసరమూ కాదు. ఆ జాతికి తుంటి కీలు వదులుగా ఏర్పడే జబ్బు ఉంది, ఎనిమిది తొమ్మిదేళ్లకి చాలావాటికి మెట్లు ఎక్కడమే కష్టమవుతుంది.

తర్వాత గచ్చు. ఇప్పటి ఫ్లాట్లలో పరిచేవి నున్నటి విట్రిఫైడ్ టైల్స్ లేదా పాలిష్ పట్టిన గ్రానైటు. ల్యాబ్ పిల్ల వాటిమీద పరుగెత్తి కాళ్లు నాలుగు వైపులా జారి చతికిలబడటం చూడ్డానికి నవ్వొస్తుంది. ఎముకలు ముదరని ఏడాదిలోపు రోజూ అలా జారితే తుంటి కీలుకి, మోకాలికి చేటు. దానికి మందు ఖరీదైనదేం కాదు: తిరిగే దారిలో, తిండి గిన్నె దగ్గర రబ్బరు మ్యాట్లో, నాలుగు గోనెసంచులు కలిపి కుట్టిన పట్టానో వేయడం. స్పిట్జ్‌కీ మోకాలిచిప్ప పక్కకి జారే జబ్బు ఉంది. నడుస్తూ నడుస్తూ ఒక వెనక్కాలు ఎత్తి మూడు కాళ్లమీద గెంతి, మళ్లీ మామూలుగా నడిస్తే అదే. సోఫామీంచి దూకనివ్వకుండా పక్కన చిన్న పీట వేయండి.

మీరు ఉండేది కింది అంతస్తు అయితే ఇంకో లెక్క కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కింది ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి చోట డాబామీదికి ఎక్కించగలరా, పడవలో వెంట తీసుకెళ్లగలరా అన్నది 6 కిలోల కుక్కకి ఒక జవాబు, 32 కిలోల కుక్కకి ఇంకో జవాబు.

4. ఎండని లెక్కలోకి తీసుకోండి

ఈ ఊళ్లో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే. రెండూ చలిదేశపు బొచ్చున్న కుక్కలే. మే నెలలో మనకి 42, 43 డిగ్రీలు మామూలు. దానికి కృష్ణ పక్కన ఉండటంవల్ల ఉక్కపోత తోడు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, నోట్లో తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో ఇప్పటికే తడి ఉంటే ఆ ఆవిరి సరిగ్గా జరగదు. అందుకే పొడి ఎండలో 42 కంటే, బెజవాడ ఉక్కలో 38 కూడా దానికి ఎక్కువ చేటు చేయగలదు. సాయంత్రం ఆరుకి 'ఎండ తగ్గిందిగా' అని బయటికి తీసుకెళ్లేవాళ్లు చేసే పొరపాటు ఇదే.

ఇద్దరిలో ఎవరికి ఎక్కువ ఇబ్బంది? ల్యాబ్‌కే. ఒళ్లు పెద్దది, కొవ్వు పట్టే గుణం ఎక్కువ, పైగా అలసినా ఆట ఆపదు. బంతి విసిరితే పడిపోయేదాకా తెస్తూనే ఉంటుంది. స్పిట్జ్ తెలివిగా బాత్రూం గచ్చు మీదికి వెళ్లి పొట్ట ఆనించి పడుకుంటుంది.

ఏప్రిల్ నుంచి జూన్ నడిమిదాకా నడక పొద్దున ఆరున్నరలోపు ముగించండి. రాత్రి ఎనిమిది దాటాకే మళ్లీ. బయల్దేరేముందు వెనక్కి తిప్పిన చేతిని రోడ్డుకి ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీరు చెయ్యి తీసేస్తే దాని అరికాలూ కాలుతుంది. సిమెంటు రోడ్డు పొద్దుపోయాక కూడా చాలాసేపు వేడిగానే ఉంటుంది. ల్యాబ్‌కి రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు, స్పిట్జ్‌కి మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు మామూలు లెక్క, వేసవిలో అంతకంటే ఎక్కువే తాగుతాయి. గిన్నెలు రెండు చోట్ల పెట్టండి, మట్టి తొట్టి అయితే నీళ్లు చల్లగా ఉంటాయి. మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యానుకి ఇన్వర్టర్ ఉందా? లేని ఇంట్లో ల్యాబ్ వద్దనే చెప్తాం. డాబామీద రేకుల గదిలో కట్టేసే ఆలోచన ఉంటే ఏ కుక్కా వద్దు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ అని ఊరికే అనలేదు.

వేసవి రాగానే గుండు గీయించడం ఇంకో తప్పు. స్పిట్జ్ పైబొచ్చు ఎండని ఒంటికి తగలనివ్వని గొడుగు లాంటిది. చర్మందాకా గీస్తే ఎండ నేరుగా తగులుతుంది, ఒక్కోసారి బొచ్చు తిరిగి సరిగ్గా రాదు, మచ్చలు మచ్చలుగా మిగిలిపోతుంది. గీయించే బదులు రోజు విడిచి రోజు దువ్వండి. లోపలి మెత్తని పొర దువ్వెనకి వచ్చేస్తే గాలి ఆడుతుంది. చెవుల వెనక, తొడల మధ్య ఉండలు కట్టిందా చూడండి, అక్కడే మొదలవుతుంది. ల్యాబ్‌కి వారానికి రెండుసార్లు రబ్బరు బ్రష్ చాలు.

వడదెబ్బ గుర్తులు తెలిసి ఉండాలి: ఆగని రొప్పు, చిక్కటి చొంగ, చిగుళ్లు ముదురు ఎరుపు, తూలుడు, వాంతి. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ఆలస్యం చేయొద్దు. నీడలోకి తెచ్చి ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, గజ్జలు, అరికాళ్లు మామూలు కుళాయి నీళ్లతో తడిపి ఫ్యాను పెట్టండి. ఐసు నీళ్లలో ముంచొద్దు. తడిగుడ్డ కప్పి వదిలేయొద్దు, అది కాసేపటికి కంబళిలా వేడిని పట్టేస్తుంది. తడుపుతూనే డాక్టరు దగ్గరికి బయల్దేరండి.

తేమతోపాటు వచ్చే ఇంకో బెడద పిడుదులు. చిన్నగా గోధుమరంగులో చెవుల మడతల్లో, కాలివేళ్ల మధ్య పట్టుకుని ఉంటాయి. వీటివల్ల వచ్చే రక్తపు జబ్బులు, ఎర్లీకియా, బబేసియా, మన ప్రాంతంలో చాలా మామూలు. రెండు రోజులు తిండి మానేసి, జ్వరం వచ్చి, చిగుళ్లు తెల్లబడినా, ముక్కునుంచి రక్తం వచ్చినా వెంటనే రక్తపరీక్ష చేయించాలి. ల్యాబ్ పొట్టి బొచ్చులో పిడుదు చేతికి తగులుతుంది. స్పిట్జ్ బొచ్చులో కనపడదు, కాబట్టి వేళ్లతో చర్మందాకా తడమాలి. నివారణకి నెలకో మూడు నెలలకో వేసే మందు కుక్క బరువుని బట్టే ఉంటుంది. పెద్ద కుక్క మాత్రని విరిచి చిన్నదానికి పెట్టకండి.

5. గోడ అవతలివాళ్ల చెవులు

స్పిట్జ్ అరుస్తుంది. కాలింగ్ బెల్లుకి, లిఫ్ట్ తలుపుకి, పాలవాడికి, ఎదురింటి చెప్పుల చప్పుడుకి అరుస్తుంది. ఇండిపెండెంట్ ఇంట్లో అది కాపలా, అపార్ట్‌మెంట్లో అది తగువు. ల్యాబ్ తక్కువ అరుస్తుంది. దొంగ వచ్చినా తోక ఊపే అవకాశమే ఎక్కువ. కాపలా కోసమే కుక్క కావాలనుకునేవాళ్లు దాని సైజు చూసి మోసపోతుంటారు.

స్పిట్జ్ అరుపుని పూర్తిగా ఆపలేం, తగ్గించగలం. నాలుగో నెల నుంచి రోజూ ఇంట్లోవాళ్లే బయటికి వెళ్లి బెల్ కొట్టడం, అరవక ముందే చిన్న శనగగింజంత చికెన్ ముక్క పెట్టడం, రోజుకి పదిసార్లు. బెల్ అంటే తిండి అని అలవాటు పడాలి. అరిచాక తిట్టినా, ఎత్తుకుని బుజ్జగించినా దానికి ఒకటే: తను అరిస్తే మీరు వచ్చారు.

అసోసియేషన్ వాళ్లు కుక్కలు పెంచకూడదని తీర్మానం చేశామంటే కంగారు పడకండి. పెంపుడు కుక్కని నిషేధించే అధికారం, లిఫ్ట్ వాడొద్దనే అధికారం అసోసియేషన్‌కి లేవని యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ ఆఫ్ ఇండియా మార్గదర్శకాలు చెప్తాయి. అద్దె ఇల్లయితే ఓనరు మాట వేరే, ముందే అడిగి ఒప్పించుకోండి. ఎన్ని నియమాలు మీవైపు ఉన్నా, కారిడార్లో చేసిన మలం మీరే కాగితంతో తీసి పారేస్తేనే పక్కింటావిడ నవ్వుతూ పలకరిస్తుంది.

6. నెల లెక్క వేసి, ఇక్కడే తేల్చేయండి

ధరలు మారుతుంటాయి, తూకం మారదు. 30 కిలోల ల్యాబ్ రోజుకి సుమారు 400 గ్రాముల పొడి తిండి తింటుంది, అంటే నెలకి 12 కిలోలు. 6 కిలోల స్పిట్జ్‌కి రోజుకి 120 గ్రాములు, నెలకి మూడున్నర కిలోలు. పిడుదుల మందు, మత్తు మందు, యాంటీబయాటిక్, నులిపురుగుల మాత్ర అన్నీ బరువుని బట్టే కాబట్టి మందుల బిల్లూ బరువుతోపాటే పెరుగుతుంది. టీకాల ఖర్చు మాత్రం రెంటికీ ఒకటే. ఇంటి తిండి పెడితే ఉల్లి, వెల్లుల్లి, కారం లేకుండా విడిగా వండాలి. పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచితే మాంసకృత్తులు చాలవు. ప్రసాదం పరమాన్నంలో కిస్‌మిస్ ఏరి పారేయండి, ద్రాక్ష కుక్కల మూత్రపిండాలని పాడుచేస్తుంది. ఉడికిన చికెన్ ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది.

ల్యాబ్ విషయంలో డబ్బు కంటే ముందు చేతికి అదుపుండాలి. ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది. ఆకలి తీరిందని తెలిపే జన్యువులో లోపం ఆ జాతిలో సుమారు నాలుగోవంతు కుక్కలకి ఉందని కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో చూపించారు. నానమ్మ ఒక ఇడ్లీ, అబ్బాయి రెండు బిస్కెట్లు, అమ్మ మిగిలిన చపాతీ పెడితే రెండేళ్లకి బల్లలా తయారవుతుంది. పక్కటెముకల మీద వేళ్లు వేసి చూడండి. గుప్పిట బిగించి వేలి కణుపుల మీద తడిమినట్టు గట్టిగా తగిలితే బక్కగా ఉంది, అరచేతి వైపు తడిమినట్టు మెత్తగా ఉంటే లావైంది, చాచిన చేతి వెనకవైపు తడిమినట్టుంటే సరిగ్గా ఉంది.

ఇప్పుడు తేల్చండి. పది రోజుల నడక పరీక్ష నెగ్గారు, కింది అంతస్తో లిఫ్టో ఉంది, మధ్యాహ్నం ఫ్యాను ఆగదు, తాడు పట్టే మనిషి ఇరవై, యాభై ఏళ్ల మధ్యవాళ్లు: అయితే ల్యాబ్. వీటిలో ఏ ఒక్కటి తప్పినా స్పిట్జ్. రోజుకి ఎనిమిది గంటలు ఇంట్లో ఎవరూ ఉండరంటే రెండూ వద్దు. కుక్కపిల్ల వద్దు, పెద్ద కుక్క కావాలి అన్నా తప్పు లేదు. ఊరు మారుతూ వదిలేయబోయే రెండు మూడేళ్ల కుక్కలు రెండు జాతుల్లోనూ దొరుకుతాయి. గుణం ముందే కళ్లకి కనపడుతుంది, చెప్పులు కొరికే వయసూ దాటిపోయి ఉంటుంది.

7. ఇప్పుడు పిల్లని చూడటానికి వెళ్లండి

ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు చెప్తున్నాయి. పెంపకందారుకి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. అడిగి చూడండి. ముప్పై అయిదు రోజుల పిల్లని ఇస్తామనేవాళ్ల దగ్గర కొనొద్దు. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఉండే ఆ మూడు వారాల్లోనే ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పో పిల్లకి తెలుస్తుంది. అది నేర్వని పిల్ల మీ చేతుల మీద నేర్చుకుంటుంది.

మొదట తల్లిని చూపించమనండి. 'ఊళ్లో ఉంది', 'నిద్రపోతోంది' అంటే వెనక్కి రండి. తల్లి మీమీద గుర్రుమంటూనే ఉంటే, మూలకి నక్కి వణుకుతుంటే పిల్లలూ దాదాపు అలాగే తయారవుతాయి. స్పిట్జ్ అయితే తల్లి ఎత్తే మీ పిల్ల రాబోయే ఎత్తు. ల్యాబ్ అయితే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే ఉందా అని అడగండి. చాలాచోట్ల ఉండదు, కనీసం తల్లి లేచి నడిచే తీరు చూడండి. నడుం ఊపుతూ, రెండు వెనక్కాళ్లు కలిపి కుందేలులా గెంతుతుంటే వద్దు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం వంశం చెప్తుంది, ఆరోగ్యం చెప్పదు.

తర్వాత పిల్లని చేతిలోకి తీసుకుని చూడండి. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి, తెల్లగా ఉంటే పురుగులో పిడుదులో రక్తం తాగుతున్నాయి. ఒళ్లు బక్కగా, పొట్ట మాత్రం డప్పులా ఉంటే నులిపురుగులు. చెవిలో ముక్కు పెట్టి వాసన చూడండి, పులిసిన వాసన రాకూడదు. తోక ఎత్తి చూస్తే కింద బొచ్చు అట్టకట్టి ఉండకూడదు. బొడ్డు దగ్గర మెత్తగా ఉబ్బిందా, మగపిల్లకి రెండు వృషణాలూ దిగాయా, కళ్లలో పుసులుందా. స్పిట్జ్ పిల్ల నడినెత్తిన వేలితో తడిమితే మెత్తటి గుంట తగలకూడదు. చివరికి నేలమీద వదిలి తాళాలగుత్తి పక్కన పడేయండి. ఉలిక్కిపడి, తిరిగి వచ్చి వాసన చూసే పిల్ల మంచి పిల్ల. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి ప్యాంటు లాగేది మొదటిసారి పెంచేవాళ్లకి కష్టం, మూలన నక్కి రానిదీ కష్టమే.

టీకా కార్డు జాగ్రత్తగా చదవండి. ప్రతి టీకాకీ సీసామీది స్టిక్కరు, తేదీ, డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. ఒట్టి పెన్నుతో రాసింది లెక్కలోకి రాదు. రెండు నెలల పిల్లకి రేబిస్ టీకా వేసేశామని కార్డులో ఉంటే అనుమానించండి, అది మామూలుగా మూడు నెలలకి వేసేది.

తీసుకున్న రోజో మర్నాడో డాక్టరుకి చూపించండి. పెద్ద పరీక్షలు అవసరమైతే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది.

8. తెచ్చాక మొదటి పది రోజులు

ఏప్రిల్, మేలలో తేవద్దు. దీపావళి వారంలో అసలు వద్దు, టపాసులకి ఒకసారి బెదిరిన పిల్ల ఉరుముకి కూడా మంచం కింద దూరుతుంది. అది దాటి సంక్రాంతి ముందు వరకు మంచి కాలం.

మొదటి వారం పాత తిండే, పాత వేళలకే. కొత్త తిండి కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. గేదెపాలు పోస్తే మర్నాడే విరేచనాలు. ల్యాబ్ పిల్లకి ఎముక పుష్టి కోసం కాల్షియం సిరప్ పోసే అలవాటు మనవాళ్లకి గట్టిగా ఉంది. కుక్కపిల్లల కోసం తయారైన తిండిలో కాల్షియం సరిపడా ఉంటుంది, పైన పోసేది పెద్ద జాతి పిల్లల ఎముకల పెరుగుదలని చెడగొడుతుంది. మానేయండి.

ఈ పది రోజులూ పిల్లని వీధిలో నేలమీద దించొద్దు. పార్వో జబ్బు బయటపడటానికి మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది, అంటే అమ్మినచోట అంటుకున్నది మీ ఇంట్లో బయటపడుతుంది. వాంతులు, మందకొడితనం, తర్వాత నీచు వాసనతో రక్తవిరేచనాలు. పొద్దున తిననంటే సాయంత్రందాకా చూద్దాం అనుకోకండి, గంటల మీద నీరసించిపోతుంది. అంతకుముందు ఇంట్లో పార్వోతో కుక్క పోయి ఉంటే కొత్తపిల్లని వెంటనే తేవద్దు. ఆ వైరస్ నెలల తరబడి నేలని అంటిపెట్టుకుని ఉంటుంది. ఫినాయిల్‌ని నమ్ముకోకండి, ఒక వంతు బ్లీచు ముప్పై వంతుల నీళ్లలో కలిపి తుడిచి పది నిమిషాలు తడిగా ఉంచాలి. పార్వో లాంటి జబ్బులకి కలిపి వేసే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. రేబిస్‌కి ఏటా జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు. నులిపురుగుల మందు మూడు నెలలదాకా పదిహేను రోజులకొకసారి, ఆరు నెలలదాకా నెలకొకసారి.

బాత్రూం అలవాటుకి ఒకటే సూత్రం: నిద్ర లేవగానే, తిన్న పది నిమిషాలకి, ఆట ఆపగానే ఒకే చోటికి తీసుకెళ్లండి. రెండు నెలల పిల్ల పగలు రెండు గంటలకి మించి ఆపుకోలేదు, రాత్రి ఒంటిగంటకి, నాలుగున్నరకి అలారం పెట్టుకోక తప్పదు. ఇంట్లో పోసినచోట డిటర్జెంటుతో తుడిచాక వాసన మనకి పోతుంది, దానికి పోదు. వెనిగరు సగం, నీళ్లు సగం కలిపి మళ్లీ తుడిస్తేనే ఆ మూల మర్చిపోతుంది. మూతి మూత్రంలో రుద్దడం వల్ల అది నేర్చుకునేది ఒక్కటే, మీరు చూడనప్పుడు సోఫా వెనక పోయడం.

మొదటి రాత్రి ఏడుస్తుంది. వంటింట్లో తలుపేసి పెట్టకుండా, మీ మంచం పక్కన అట్టపెట్టెలో పాత లుంగీ వేసి పడుకోబెట్టండి. ఏడిస్తే ఎత్తుకోకుండా చెయ్యి కిందికి వేలాడేసి వాసన తగలనివ్వండి. మూడో రాత్రికి మీ వేలు నోట్లో పెట్టుకుని నిద్రపోతుంది.